బ్యాటరీ టెర్మినల్‌కు చిలుము పట్టింది, కారు స్టార్ట్ కావడం లేదు. ఇంట్లోనే శుభ్రం చేసుకోవచ్చా?

కాకినాడ_స్టీరింగ్ | ఆదివారం, ఉదయం 7:40

అందరికీ నమస్తే. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు, తప్పులుంటే సర్దుకోండి.

ఈ రోజు అన్నవరం వెళ్దామని నాలుగింటికే లేచాం. ప్రసాదం తెచ్చుకోవడానికి అమ్మ ఖాళీ డబ్బా కూడా సర్దింది. తీరా తాళం తిప్పితే టిక్... టిక్... టిక్. సెల్ఫ్ తిరగలేదు. హారన్ మాత్రం వీధంతా లేచేలా మోగుతోంది, హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి.

బానెట్ ఎత్తి చూస్తే పాజిటివ్ టెర్మినల్ కనబడటం లేదు. ముగ్గుపిండిలో మైలుతుత్తం కలిపి ముద్ద చేసి అంటించినట్టుంది. తెలుపు, మధ్యలో నీలం, అంచుల్లో ఆకుపచ్చ. నెగటివ్ వైపు కొంచెం బూడిద రంగు పొడి, అంతే.

వీధి చివర మెకానిక్ వచ్చి చూసి "బ్యాటరీ పోయిందమ్మా, కొత్తది వేయాలి, నాలుగున్నర వేలు" అన్నాడు. ఇది కొని రెండున్నర ఏళ్లే అయింది. చిన్న పెట్రోల్ కారు, 35 ఏహెచ్ బ్యాటరీ, పైన మూతలుండి నీళ్లు పోసే రకం. బండి వారానికి ఒకసారి కూడా తీయం. నిజంగానే పోయిందా? లేక ఆ పూత వల్లేనా? నేనే శుభ్రం చేయొచ్చా? నాన్న ముట్టుకోవద్దంటున్నారు, యాసిడ్ అని భయం.

---

గోదారి_ఎలక్ట్రీషియన్ | ఆదివారం, ఉదయం 8:05

అమ్మా, నాలుగున్నర వేలు జేబులోనే ఉంచు. రాజమండ్రిలో 22 ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. నువ్వు చెప్పిన లక్షణాలకు మొదటి అనుమానం ఆ చిలుము మీదే, బ్యాటరీ మీద కాదు.

లైట్లు వెలుగుతున్నాయి కదా, మరి సెల్ఫ్ ఎందుకు తిరగదు అని అందరూ అడుగుతారు. హెడ్‌లైట్లకు పది ఆంపియర్లు చాలు. సెల్ఫ్ మోటారు మీ చిన్న కారులో కూడా వంద, నూట యాభై లాగుతుంది. ఆ పూత అడ్డం పడి 0.02 ఓమ్‌ల నిరోధం వచ్చిందనుకో. పది ఆంపియర్ల దగ్గర పోయేది 0.2 వోల్టులు, లైటుకు తేడానే తెలియదు. నూట యాభై దగ్గర 3 వోల్టులు పోతాయి. 12.6లో 3 తీసేస్తే మోటారుకు ఏం మిగిలింది? పైపులో మట్టి పేరుకుంటే చెంబు నింపుకోవచ్చు గాని మడి తడపలేం. ఇదీ అంతే.

ఎవరి దగ్గరైనా మల్టీమీటర్ ఉందా? డీసీ 20 దగ్గర పెట్టి రెండు కొలతలు తీయి. మొదటిది బ్యాటరీ మీద పైకి వచ్చిన సీసం బొడిపెలు రెండింటి మీద కడ్డీలు ఆనించి, ఒకరు తాళం తిప్పుతుండగా. రెండోది బొడిపెల మీద కాకుండా వాటిని పట్టుకున్న క్లాంపుల మీద ఆనించి, అలాగే తాళం తిప్పుతుండగా. రెండు అంకెలూ ఇక్కడ రాయి.

---

సరదా_సైలెన్సర్ | ఆదివారం, ఉదయం 8:31

ఇంత లెక్క ఎందుకు గురువుగారూ. చల్లటి కూల్‌డ్రింక్ ఒక బాటిల్ తెచ్చి సగం టెర్మినల్ మీద పోయడం, సగం మనం తాగడం. ఐదు నిమిషాల్లో తళతళ. వీడియోల్లో బోలెడు ఉన్నాయి.

---

అమలాపురం_అత్తయ్య | ఆదివారం, ఉదయం 8:50

మా ఇంట్లో ఇత్తడి కుందులు చిలుము పడితే చింతపండు, ఉప్పు వేసి తోముతాం, బంగారంలా వస్తాయి. ఈ క్లాంపు కూడా ఇత్తడే అంటారుగా. చింతపండుతో తోమి చూడమ్మా, ఖర్చు లేని పని.

---

రసాయనం_టీచర్ | ఆదివారం, ఉదయం 9:20

అత్తయ్యగారూ, కుందులకు చింతపండు సరైనదే. ఇక్కడ మాత్రం తిరగబడుతుంది. కుందికి పట్టింది గాలి వల్ల వచ్చిన చిలుము, దాన్ని పులుపు కరిగిస్తుంది. బ్యాటరీ దగ్గర చిలుమును పుట్టించిందే పులుపు. లోపల ఉన్నది నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. అది ఆవిరితో, తుంపరతో, సందుల్లోంచి బయటికొచ్చి లోహాన్ని తింటే మిగిలినదే ఆ ముద్ద. సీసాన్ని తింటే తెల్లని లెడ్ సల్ఫేట్, రాగిని గాని ఇత్తడిని గాని తింటే నీలి కాపర్ సల్ఫేట్. ఈ అమ్మాయి మైలుతుత్తం అని పోలిక చెప్పింది. పోలిక కాదు, అది అచ్చంగా మైలుతుత్తమే. రైతులు సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం చేసుకునేది కూడా ఇదే. (మైలు అంటే నెమలి, తమిళంలో మయిల్. నెమలి మెడ రంగు కాబట్టి ఆ పేరు. పాఠంలో ఇది చెబితే పిల్లలు కాపర్ సల్ఫేట్ రంగు జన్మలో మర్చిపోరు.)

ఆమ్లం మీద ఆమ్లం పోస్తే పైపూత పోవచ్చు, కింద ఆమ్లం మిగిలే ఉంటుంది. కూల్‌డ్రింక్‌ది కూడా అదే కథ. కోలా రకాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి పొరను కొంత తీస్తుంది, ఆ తర్వాత పంచదార జిగురు మిగులుతుంది, జిగురుకు దుమ్ము, చీమలు. మనకు కావలసింది క్షారం. వంటింట్లో ఉన్న తినే సోడా చాలు. ఆమ్లంతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ నురగ, నీళ్లు, హాని లేని సోడియం సల్ఫేట్ వస్తాయి. నురగ వస్తున్నంతసేపూ ఇంకా ఆమ్లం ఉందని అర్థం. నురగ ఆగితే పని అయినట్టు. ఇంతకంటే సులువైన పరీక్ష ఏ ప్రయోగశాలలోనూ లేదు.

---

మానేరు_ట్రాక్టర్ | ఆదివారం, ఉదయం 10:02

మాది కరీంనగర్ దగ్గర పల్లె. మా బాపు కాలం నుంచి ట్రాక్టర్ బ్యాటరీకి పొయ్యిల బూడిద నీళ్లే. బూడిద నానబెట్టి, పైకి తేరిన నీళ్లు పోస్తే బుసబుస పొంగుతది. సోడా ప్యాకెట్ కొన్నది ఎన్నడూ లేదు.

---

రసాయనం_టీచర్ | ఆదివారం, ఉదయం 10:15

మీ బాపు లెక్క సరైనదే అన్నా. కట్టెల బూడిదలో పొటాషియం కార్బనేట్ ఉంటుంది, అది క్షారమే. బట్టల సోడా కూడా పనిచేస్తుంది, కాకపోతే చేతులకు మంట. సున్నం మాత్రం వద్దు. ఆమ్లం విరుగుతుంది గాని జిప్సమ్ తయారై సందుల్లో గట్టిపడుతుంది, మళ్లీ దాన్ని గీకాలి.

---

కాకినాడ_స్టీరింగ్ | ఆదివారం, ఉదయం 11:35

పక్కింటి పాలిటెక్నిక్ అబ్బాయి మీటర్ తెచ్చాడు. తాళం తిప్పుతుండగా సీసం బొడిపెల మీద 11.8. క్లాంపుల మీద అంకె నిలవడం లేదు, 7 దగ్గర ఊగుతోంది. ఊరకే ఉన్నప్పుడు బొడిపెల మీద 12.4.

---

గోదారి_ఎలక్ట్రీషియన్ | ఆదివారం, మధ్యాహ్నం 12:10

అయితే దొంగ దొరికాడు. బ్యాటరీ 11.8 ఇస్తుంటే క్లాంపు దాటేసరికి 7 అవుతోంది. దాదాపు ఐదు వోల్టులు ఆ ముద్దే తింటోంది. ఊరకే ఉన్నప్పుడు 12.4 అంటే ముప్పాతిక చార్జి ఉన్నట్టు. పూర్తి చార్జి మీద 12.6, 12.7 ఉండాలి, 12.0కు వస్తే దాదాపు ఖాళీ. కొత్త బ్యాటరీ అమ్మబోయినాయన క్లాంపు కూడా తుడిచి బిగిస్తాడు కాబట్టి బండి స్టార్ట్ అయ్యేది, నువ్వు కొత్త బ్యాటరీ వల్లే అనుకునేదానివి.

ఇక పని చెబుతాను. తొందరపడకు, గంట పెట్టుకో.

ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో పెట్టుకో. నీడలో, గాలి ఆడే చోట చెయ్యి. దగ్గర్లో అగరబత్తి, బీడీ, ఏ నిప్పూ ఉండకూడదు. చార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది, అది అంటుకుంటే పేలుతుంది. గాజులు లోహానివైతే తీసెయ్, ఉంగరం తీసెయ్, గొలుసు లోపలికి దోపుకో. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. చదువుకునే కళ్లజోడైనా సరే. పాత బట్టలు వేసుకో.

పది నంబరు పానా కావాలి. ముందు నెగటివ్ విప్పాలి. నల్ల వైరు, బ్యాటరీ మీద మైనస్ గుర్తు ఉంటుంది. తర్వాతే పాజిటివ్. విప్పిన వైర్లు మళ్లీ వెళ్లి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు కట్టు. క్లాంపు రాకపోతే స్క్రూడ్రైవర్ పెట్టి పైకి తన్నకు. వేడి నీళ్లు కాసిని పోసి ఐదు నిమిషాలు ఆగు, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లాగు, వస్తుంది.

పైన ఆరు మూతలు గట్టిగా ఉన్నాయో లేదో చూసి, వాటి చిల్లుల మీద టేపు అంటించు. సోడా నీళ్లు చుక్క కూడా లోపలికి పోకూడదు. బయట ఆమ్లాన్ని విరిచేదే లోపల కూడా విరుస్తుంది, లోపల మనకు ఆ ఆమ్లమే కావాలి. పని అయ్యాక టేపు తీయడం మర్చిపోకు, లోపలి గాలి పోయే దారి అదే.

ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో ఒక పెద్ద చెంచా తినే సోడా. పాత టూత్‌బ్రష్‌తో కొంచెం కొంచెం పూస్తూ పో, ఒకేసారి కుమ్మరించకు. పొంగుతుంది, ఆగుతుంది, మళ్లీ పూయి. నీలం బురదలా కారుతుంది. క్లాంపులను మాత్రం ఆ గ్లాసులోనే ముంచి ఉంచొచ్చు. (ఆ గ్లాసు మళ్లీ వంటింట్లోకి పోకూడదు.) నురగ ఆగాక మామూలు నీళ్లతో కడిగి పొడి గుడ్డతో పూర్తిగా తుడువు. తర్వాత ఉప్పు కాగితంతో బొడిపె చుట్టూ, క్లాంపు లోపలి వైపు రుద్దు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. బయట మెరిస్తే లాభం లేదు. కరెంటు పోయేది క్లాంపు లోపలి వైపు నుంచి. అక్కడ సీసం వెండిలా కనబడాలి. అతిగా అరగదీయకు, సీసం మెత్తన. బొడిపె సన్నబడితే క్లాంపు వదులవుతుంది.

బిగించేటప్పుడు ముందు పాజిటివ్, తర్వాత నెగటివ్. చేత్తో తిప్పితే కదలకూడదు. సుత్తితో కొట్టి దించకు. అన్నీ బిగించాక పైపైన వ్యాజలైన్ గాని గ్రీజు గాని పూయి.

---

ఓరుగల్లు_రైడర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:40

నెగటివే ముందెందుకో ఒక అనుభవం చెప్తా, తమ్ముళ్లూ చెల్లెళ్లూ వినండి. బండి ఇనుప బాడీ మొత్తం నెగటివ్‌కే కలిసి ఉంటది. నెగటివ్ తగిలించి ఉండగానే నేను పాజిటివ్ నట్టు విప్పుతున్న. పానా అవతలి కొస ఫెండర్‌కు తగిలింది. ఒక్క క్షణం, తెల్లటి వెలుగు, టప్ మని చప్పుడు. పానా అంచు పంటితో కొరికినట్టు లేచిపోయింది. ఇప్పటికీ దాచుకున్న. ఆ రోజు వేలికి ఉంగరం ఉండి అది మధ్యల పడి ఉంటే వేలే కాలిపోయేది. నెగటివ్ ముందే తీసేస్తే పానా బాడీకి తగిలినా ఏం కాదు, దారి తెగిపోయింది కాబట్టి. అందుకే తీసేటప్పుడు నలుపు ముందు, పెట్టేటప్పుడు నలుపు చివర.

---

డెట్రాయిట్_తెలుగోడు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఇక్కడ మిషిగన్‌లో చలికాలం ఉదయం మైనస్ పదిహేనులో బండి తీయాలంటే టెర్మినల్ శుభ్రంగా లేకపోతే ఇక ఆఫీసుకు సెలవే. చలికి బ్యాటరీ సత్తువ తగ్గుతుంది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కు బరువు పెరుగుతుంది. ఇక్కడ బొడిపెల కింద వేసే ఎరుపు, ఆకుపచ్చ ఫెల్ట్ వాషర్లు దొరుకుతాయి, ఆమ్లం ఆవిరిని పీల్చుకునే మందు పూసి ఉంటుంది. అక్కడ దొరక్కపోతే వ్యాజలైన్ చాలు. నేను ఒకసారి తెలివి ఎక్కువై క్లాంపు లోపల కూడా గ్రీజు దట్టించి బిగించాను. గ్రీజు కరెంటును పోనివ్వదు. లోహానికి లోహం ముందు తగలాలి, గ్రీజు పైన దుప్పటి మాత్రమే.

ఇంకో మాట. వైరు విప్పితే గడియారం, రేడియో స్టేషన్లు పోతాయి. కొన్ని కార్లలో రేడియో కోడ్ అడుగుతుంది. ఆ కోడ్ రాసి ఉన్న కార్డు ఎక్కడుందో ముందే చూసుకోండి.

---

సరదా_సైలెన్సర్ | ఆదివారం, మధ్యాహ్నం 1:40

అయితే మెమరీ పోకుండా ఇంజిన్ నడుస్తుండగానే వైరు పీకితే? మా ఫ్రెండ్ ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జి చేసేది) బాగుందో లేదో అలాగే చూస్తాడు.

---

గోదారి_ఎలక్ట్రీషియన్ | ఆదివారం, మధ్యాహ్నం 1:48

మీ ఫ్రెండ్‌కు ఇప్పటిదాకా అదృష్టం బాగుంది. ఆల్టర్నేటర్ తిరుగుతుండగా బ్యాటరీ తీసేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పోవచ్చు. పాత డీజిల్ జీపుల కాలం నాటి పద్ధతి అది. దయచేసి ఈ దారంలో చదివి ఎవరూ చేయొద్దు.

---

కాకినాడ_స్టీరింగ్ | ఆదివారం, సాయంత్రం 5:20

స్టార్ట్ అయింది!! ఒక్క తాళానికి!

గోదారి గారూ, మీరు రాసింది ఫోనులో తెరిచి పెట్టుకుని ఒక్కో వాక్యం చదువుతూ చేశాను. నాన్న గుమ్మంలో నిలబడి "చూసి, చూసి" అంటూనే ఉన్నారు. నెగటివ్ తేలిగ్గా వచ్చింది. పాజిటివ్ అస్సలు కదల్లేదు. వేడి నీళ్లు మూడుసార్లు పోయాల్సి వచ్చింది. మొదటిసారి పోయగానే ఆ ముద్ద అంచు జారి కిందపడింది, లోపల నట్టు ఉందని అప్పుడు తెలిసింది! సోడా పూస్తే సోడాబుడ్డి కొట్టినట్టు బుస్సుమని పొంగింది. నాలుగోసారి పూసినప్పుడు నురగ ఆగింది. క్లాంపు లోపల చూస్తే నల్లగా, పెనం అడుగులా ఉంది. ఉప్పు కాగితం రెండు ముక్కలు అరిగాక వెండి రంగు కనబడింది.

మీటర్ మళ్లీ పెట్టాం. సెల్ఫ్ తిరిగేటప్పుడు బొడిపెల మీద 10.4, క్లాంపుల మీద 10.3. ఇంజిన్ నడుస్తుంటే 14.1.

నష్టం ఒకటి. చున్నీ నడుముకు కట్టుకున్నాను, దాని కొస ఎప్పుడు తగిలిందో తెలియదు. ఉతికి ఆరేస్తే జల్లెడలా చిల్లులు. పాత బట్టలని మీరు చెప్పారు, చున్నీ గుర్తే రాలేదు. ఆ కడిగిన నీళ్లు అమ్మ తులసికోటలో పోయబోతే ఆపాను. సరైనదేనా?

---

రసాయనం_టీచర్ | ఆదివారం, సాయంత్రం 6:05

చాలా మంచి పని చేశావమ్మా. ఆమ్లం విరిగినా ఆ బురదలో సీసం, రాగి ఉంటాయి. మొక్కలకు, కూరపాదులకు, బావి దగ్గర పోయకూడదు. ముద్దను పాత పేపరుతో ఎత్తి, వీలైతే బ్యాటరీ షాపులో పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చెయ్. ఆ పొడిని ఆరాక ఊదకు, ఊడ్చకు, తడిగుడ్డతో తుడువు. అన్నం తినే ముందు చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కో.

ఇంకొకరి కోసం రాస్తున్నా. కంట్లో చుక్క పడితే సోడా వేయకండి. ధారగా మంచినీళ్లతో కనీసం పావుగంట కడిగి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చర్మం మీద పడినా ముందు నీళ్లే.

---

విశాఖ_స్కూటీ | సోమవారం, ఉదయం 9:12

మాది బీచ్ రోడ్డు పక్కనే. ఉప్పు గాలికి స్కూటర్ నట్టు కూడా తెల్లగా పూస్తోంది. దీని బ్యాటరీకి మూతలే లేవు. ఇదే పద్ధతా?

---

ఓరుగల్లు_రైడర్ | సోమవారం, ఉదయం 9:45

పద్ధతి అదే అక్కా. అది సీల్డ్ బ్యాటరీ, నీళ్లు పోసేది ఉండదు, పైమూత పీకే ప్రయత్నం చేయకండి. చిన్న స్క్రూ టెర్మినల్ కాబట్టి సోడా నీళ్లలో దూది ముంచి పూస్తే చాలు. అడుగున ఉండే చిన్న నట్టు పెట్టెలో జారిపోకుండా చూసుకోండి, దాని కోసం నేను అరగంట వెతికిన. కొత్త బండ్లల్ల చాలావాటికి కిక్ కూడా లేదు కాబట్టి టెర్మినల్ వదులైతే తోసుకుంటూ పోవుడే.

---

బెజవాడ_ఇన్వర్టర్ | సోమవారం, ఉదయం 10:30

మా ఇన్వర్టర్ బ్యాటరీకి కూడా ఇలాగే నీలం పువ్వు పూస్తోంది. 150 ఏహెచ్.

---

వేదిక_పెద్ద (మోడరేటర్) | సోమవారం, ఉదయం 10:41

దీనికి వేరే దారం తెరవండి. ఒక్క ముక్క మాత్రం ఇక్కడే చెబుతాను: ఇన్వర్టర్‌ను ఆపి, గోడ ప్లగ్ కూడా పీకాకే ముట్టుకోండి. స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదు.

---

కాకినాడ_స్టీరింగ్ | దాదాపు నాలుగు వారాల తర్వాత, శనివారం, ఉదయం 8:20

మళ్లీ వచ్చాను, మంచి వార్త కాదు. పాజిటివ్ మీద మళ్లీ తెల్లగా మొదలైంది. అప్పటంత కాదు, పెసరగింజంత. వ్యాజలైన్ పూశాను, బిగింపు గట్టిగానే ఉంది. బొడిపె మొదట్లో తడిగా కనిపిస్తోంది. మొదటిసారి నేను సరిగా చేయలేదా?

---

గోదారి_ఎలక్ట్రీషియన్ | శనివారం, ఉదయం 9:00

నువ్వు చేసింది సరిగానే ఉంది. పూత రోగం కాదు, లక్షణం. నిజానికి ఇది ఆ రోజే అడగాల్సింది, బండి కదిలితే చాలనుకుని వదిలేశాను. నెలలోపే మళ్లీ వచ్చిందంటే ఆమ్లం ఎక్కడి నుంచో ఆగకుండా వస్తోంది. దారులు మూడు. చార్జింగ్ ఎక్కువైతే లోపల ఉడుకుతుంది. నీకు 14.1 ఉంది కాబట్టి అది కాదు, 14.8 దాటితే అనుమానించేవాణ్ని. రెండు, బొడిపె చుట్టూ ఉన్న సీలు విడిపోవడం. ఎవరైనా క్లాంపును సుత్తితో కొట్టి దించితే అలా జరుగుతుంది. మూడు, నీళ్లు ఎక్కువ పోయడం. బ్యాటరీ పక్కన రెండు గీతలుంటాయి, పైగీత ఎక్కడ, నీళ్లెక్కడ ఉన్నాయో చూడు. డిస్టిల్డ్ వాటర్ ఎవరు పోస్తారు, ఎన్నాళ్లకు?

---

కాకినాడ_స్టీరింగ్ | శనివారం, ఉదయం 9:50

టార్చి వేసి చూశాను. పైగీత ఎప్పుడో మునిగిపోయింది, నీళ్లు దానికి రెండు వేళ్ల పైన, మూతకు దాదాపు తగులుతున్నాయి. ఆరు గదుల్లోనూ అంతే.

ఎవరు పోస్తారంటే... నాన్న. రిటైర్ అయినప్పటి నుంచి నెలకు రెండుసార్లు, ఒకటో తారీఖు, పదిహేనో తారీఖు, క్యాలెండర్‌లో టిక్కు కూడా పెడతారు. కుండలో నీళ్లు తగ్గకూడదన్నట్టు మెడ దాకా నింపుతారు. మరి బండి తీసేది వారానికి ఒకసారి కూడా లేదు కదా, తగ్గేదెక్కడ? ఈ మాట అడిగితే "నీళ్లు తక్కువైతే ప్లేట్లు ఎండిపోతాయి, నీకు తెలియదు" అన్నారు.

---

గోదారి_ఎలక్ట్రీషియన్ | శనివారం, ఉదయం 10:10

నాన్నగారు చెప్పింది సగం నిజం. ప్లేట్లు తేలితే బ్యాటరీ చస్తుంది. కాని పైగీత దాటితే చార్జింగ్ వేడికి ద్రవం పెరిగి, బుడగలు లేచి, మూత చిల్లుల్లోంచి ఆమ్లం బయటికి చిమ్ముతుంది. అదే నీ ముగ్గుపిండి. పైగా చిమ్మిపోయేది ఆమ్లం, మళ్లీ పోసేది ఉత్త నీళ్లు. పోనుపోను లోపల పలచబడుతుంది, రసంలో నీళ్లు కలుపుకుంటూ పోయినట్టు.

ఇప్పుడు సిరంజితో తోడేయాలని చూడకు, ఆమ్లంతో ఆట వద్దు. మూడు నెలలు చుక్క పోయొద్దు, దానంతటదే తగ్గుతుంది. వారానికి రెండుసార్లు అరగంట రోడ్డు మీద నడపండి, ఊరకే నిలబెట్టి ఇంజిన్ తిప్పితే చాలదు. ఈ రోజే ఏదైనా బ్యాటరీ షాపులో హైడ్రోమీటర్‌తో (లోపలి ఆమ్లం ఎంత చిక్కగా ఉందో కొలిచే గొట్టం) ఆరు గదులూ చూపించు. పూర్తి చార్జి మీద 1.265 నుంచి 1.280 మధ్య ఉంటే బాగున్నట్టు. ఏదో ఒక గది మాత్రమే బాగా పడిపోయి ఉంటే అప్పుడు కొత్త బ్యాటరీ గురించి మాట్లాడుకుందాం. బొడిపె దగ్గరి తడిని ఇవాళే సోడాతో తుడిచి ఆరబెట్టు. నీళ్లు తగ్గాక కూడా అక్కడే తడి వస్తే సీలు పోయినట్టు.

---

కాకినాడ_స్టీరింగ్ | శనివారం, సాయంత్రం 6:30

షాపులో చార్జి పెట్టి చూశారు. ఆరు గదులూ 1.235, 1.240 మధ్యే ఉన్నాయి. "పలచబడింది గాని అన్నీ సమానంగా ఉన్నాయి, ఇంకో ఏడాది లాగొచ్చు, నీళ్లు పోయడం ఆపండి" అన్నాడాయన. డబ్బులు కూడా తీసుకోలేదు.

డిస్టిల్డ్ వాటర్ డబ్బా బీరువా పైన దాచాను. పదిహేనో తారీఖు ఎల్లుండే.

---

కాకినాడ_స్టీరింగ్_నాన్న | సోమవారం, ఉదయం 6:15

నమస్కారం. ఇది నేను కొత్తగా తెరిచిన ఖాతా. అమ్మాయి డబ్బా ఎక్కడ పెట్టిందో నాకు తెలుసు, కాని ముట్టుకోలేదు. ఈ దారం మొదటి నుంచి చదివాను. గోదారి గారిని ఒకటి అడగాలి. పైగీతకు సరిగ్గా ఎంత కింద ఉన్నప్పుడు పోయాలి? క్యాలెండర్‌లో ఏ తారీఖుకు రాసుకోమంటారు?

---

గోదారి_ఎలక్ట్రీషియన్ | సోమవారం, ఉదయం 7:02

నమస్తే మాస్టారూ. తారీఖు వద్దు, గీత చూడండి. కింది గీతకు దగ్గరైతే పోయండి, పైగీత తగలకముందే ఆపండి. క్యాలెండర్‌లో రాసుకోవాలనే ఉంటే, నెలకొకసారి "టార్చి వేసి చూడాలి" అని రాయండి, "పోయాలి" అని కాదు. ఈ ఆదివారం ఆ బండిలో అన్నవరం వెళ్లి రండి, బ్యాటరీకి కూడా మంచిది.